రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు, హైదరాబాద్ ఎండల్లో కూడా

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫిల్మ్ కెమెరాలు మళ్లీ పట్టుకుంటున్న కుర్రకారు గురించి వచ్చిన కథనం చదివాను. ఇరవై ఏళ్ల పిల్లలు తాతల కాలం నాటి కెమెరాలు అటకల మీంచి దింపి, దుమ్ము దులిపి, రిపేర్ చేయించుకుని ట్యాంక్‌బండ్ మీదా చార్మినార్ గల్లీల్లోనూ తిరుగుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే అందులో ఒక ముక్క మాత్రం మింగుడుపడలేదు. రీలు కడిగించాలంటే, అంటే ఫోటోలు తీసిన ఫిల్మ్‌ని కెమికల్స్‌తో డెవలప్ చేయించాలంటే, బయటి ఊళ్లకు కొరియర్ చేయడం తప్ప హైదరాబాద్ వాళ్లకు వేరే దారి లేదన్నట్టు, ఇంట్లో కడుక్కోవాలంటే డార్క్ రూం, ఎర్ర బల్బు, ప్రమాదకరమైన కెమికల్స్, ఏళ్ల అనుభవం అన్నీ ఉండి తీరాలన్నట్టు రాశారు. అది చదివిన పిల్లలెవరైనా 'మన వల్ల కాదులే' అని వదిలేస్తారు. బ్లాక్ అండ్ వైట్ రీలు కడగడం ఇంట్లో అయ్యే పని, కొలతలు చూసుకుని సాంబారు పెట్టడం వచ్చిన ఎవరికైనా వచ్చే పని. నేను నల్లకుంటలో మామూలు అపార్ట్‌మెంట్‌లో, మామూలు బాత్రూంలో ఏళ్ల తరబడి కడుగుతున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉత్తరం పొడవైంది, కొంచెం ఓపిగ్గా చదవండి, కుదిరితే మొత్తం వేయండి.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా మేనమామకు ఖమ్మంలో స్టూడియో ఉండేది, సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆయన పక్కన నిలబడి చూసి ఈ పని నేర్చుకున్నాను. అప్పట్లో ఊటీలో తయారైన ఇందు ఫిల్మ్, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో ఫిల్మ్ వాడేవాళ్లు. ఆ ఊటీ ఫ్యాక్టరీ, అంటే హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, 1967 నుంచి ఉత్పత్తి మొదలైంది, ఇప్పుడు మూతపడింది. అందుకే ఈరోజు మనం కొనే రీలు బయటి దేశం సరుకు, అందుకే ఆ ఖరీదు. రీలు ధర మన చేతిలో లేదు. కడిగే ఖర్చు మాత్రం ఉంది.

ముందు ఆ ఎర్ర బల్బు సంగతి. సినిమాల్లో చూసీ చూసీ అందరికీ అదే గుర్తుండిపోయింది. ఎర్ర లైటు ప్రింట్లు వేసే పేపర్ కోసం. మామూలు బ్లాక్ అండ్ వైట్ పేపర్ మీద ఎరుపు వెలుతురు పనిచేయదు, అందుకని ఆ లైటులో చూసుకుంటూ ప్రింట్లు వేసుకోవచ్చు. మనం కెమెరాలో వేసే ఫిల్మ్ దాదాపు అంతా పాంక్రోమాటిక్, అంటే ఎరుపుతో సహా అన్ని రంగుల వెలుతురూ దానికి తగులుతుంది. మీ కథనం నమ్మి ఎవరైనా ఎర్ర బల్బు కింద రీలు విప్పారంటే 36 ఫోటోలూ పోయినట్టే. దయచేసి ఇదొక్కటైనా సవరణగా వేయండి.

మా కింది ఫ్లాట్‌లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి మొదటిసారి వచ్చినప్పుడు అడిగింది కూడా ఇదే. "డార్క్ రూం లేకుండా ఎట్లా ఆంటీ? కిటికీలన్నీ మూసెయ్యాలా?" అన్నాడు. "ఏమీ మూయక్కర్లేదు నాయనా, ఫిల్మ్‌ని ట్యాంకులోకి ఎక్కించేదాకా చీకటి ఉంటే చాలు" అని చేంజింగ్ బ్యాగ్ చేతికిచ్చాను. అది రెండు పొరల నల్లగుడ్డ సంచి, రెండు జిప్పులు, చేతులు దూర్చుకోవడానికి ఎలాస్టిక్ ఉన్న రెండు గొట్టాలు. డెవలపింగ్ ట్యాంకు (మూత వేశాక వెలుతురు పోదు గానీ ద్రవాలు పోయడానికి వీలుండే డబ్బా), అందులో ఫిల్మ్ చుట్టే ప్లాస్టిక్ చక్రం, కత్తెర, సోడా ఓపెనర్, కడగాల్సిన రీలు, అన్నీ లోపల పెట్టి జిప్పులు మూసేసి చేతులు దూర్చడమే. ఓపెనర్‌తో క్యాసెట్ మూత లేపి, ఫిల్మ్ బయటికి తీసి, ముందున్న సన్నని నాలుక ముక్క కత్తిరించి, రెండు మూలలూ కొంచెం గుండ్రంగా చేసి, చక్రం నోట్లోకి తోయాలి. తర్వాత చక్రం రెండు పక్కలనూ ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే ఫిల్మ్ దానంతట అదే టకటకా లోపలికి పోతుంది. ఈ ఒక్క పనే చేతికి అలవాటు కావాలి. పాడైపోయిన రీలు ఒకటి సంపాదించి, ముందు వెలుతురులో చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని ఎక్కించి చూసుకుంటే భయం పోతుంది. చక్రం మీద తడి చుక్క కూడా ఉండకూడదు. వానాకాలంలో, లేదంటే మేలో చేతులకు చెమట పట్టి, సంచి లోపల ఉక్కపోసి ఫిల్మ్ మధ్యలో బిగుసుకుంటుంది, అప్పుడు బలంగా తోస్తే మడత పడుతుంది. ఫిల్మ్‌ని ట్యాంకులో పెట్టి మూత వేసి, చేతులు బయటికి తీసి ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చుని మళ్లీ మొదలుపెట్టడమే. ట్యాంకు మూత సరిగ్గా పడిందంటే చీకటితో పని అయిపోయినట్టే. మిగతాదంతా లైట్లు వేసుకుని, రేడియో పెట్టుకుని చేసుకోవచ్చు.

ఇక కెమికల్స్. పేరు వినగానే భయపడతారు గానీ జరిగేది ఇంటర్ సిలబస్‌లో ఉన్నదే. ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికంలో కంటికి కనపడనంత చిన్న వెండి చుక్క ఏర్పడుతుంది. డెవలపర్ చేసే పనల్లా ఆ చుక్క ఉన్న స్ఫటికాన్ని మొత్తం వెండిగా మార్చడం, అంటే క్షయకరణం చేయడం. చుక్క లేనివాటి జోలికి అది పోదు, పోయినా చాలా నెమ్మదిగా పోతుంది. తర్వాత ఫిక్సర్ ఆ మిగిలిపోయిన స్ఫటికాలను కరిగించి బయటికి పంపేస్తుంది. మామయ్య వాళ్లు హైపో అనేది దాన్నే, సోడియం థయోసల్ఫేట్. అది వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు, ఫోటోగ్రఫీ పుట్టకముందే. పాఠాల్లో ఈ రియాక్షన్లు బోర్డు మీద రాస్తే తల తిప్పుకునే పిల్లలు, ట్యాంకులోంచి తడి ఫిల్మ్ తీసి లైటుకు పెట్టి తమ అమ్మ మొహం తెల్లది నల్లగా, నల్లది తెల్లగా కనిపించగానే "ఇది ఎట్లయింది మేడం" అని వాళ్లే అడుగుతారు.

డెవలపర్ పొడి ప్యాకెట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ప్యాకెట్ మీద ఉన్నట్టు కలుపుకుంటే చాలు. కొనలేని వాళ్లు విడిగా తూకం వేసుకోవచ్చు. కొడాక్ వాళ్ల డీ-76 అనే డెవలపర్ ఫార్ములా 1927 నాటిది, రహస్యమేమీ లేదు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ అంటే మన వెలిగారం 2 గ్రాములు. ఇంకో ఫిల్మ్ కంపెనీ ఇల్‌ఫర్డ్ వాళ్ల ఐడీ-11 డెవలపర్ కూడా దాదాపు ఇదే. కాలేజీ లాబులకు కెమికల్స్ అమ్మే షాపుల్లో అడగండి, గ్రాములు తూయడానికి నగల తూకం లాంటి చిన్న డిజిటల్ త్రాసు సరిపోతుంది. నీళ్లు 50 డిగ్రీల దగ్గర, ముప్పావు లీటరు తీసుకుని ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగకుండా మొరాయిస్తుంది. ఆ తర్వాత హైడ్రోక్వినోన్, చివర్లో వెలిగారం, పైన చల్లటి నీళ్లు పోసి లీటరు చేయడం. ఒక రాత్రి అలా ఉంచి మర్నాడు వాడండి. సీసా మెడ దాకా నిండి ఉండాలి, గాలి చేరితే పాడవుతుంది, టీ డికాషన్ రంగుకు తిరిగితే పారబోయడమే. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి, కాబట్టి గ్లౌజులు వేసుకోండి. పొడులు తూచేటప్పుడు మాస్కు. వంటింటి గిన్నెలు, గరిటెలు ఈ పనికి వాడి మళ్లీ వంటకు పెట్టొద్దు. సీసాల మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఉన్న ప్రమాదం ఇంతే, బాత్రూం కడిగే యాసిడ్ మన ఇళ్లలో ఇంతకంటే నిర్లక్ష్యంగా పడి ఉంటుంది.

హైదరాబాద్‌లో అసలు ఇబ్బంది వేరే ఉంది, ఎండ. ఏ పుస్తకం చూసినా, ఏ డబ్బా మీద చూసినా 20 డిగ్రీలు అని ఉంటుంది. మన దగ్గర డిసెంబర్, జనవరి తెల్లవారుజామున తప్ప కుళాయిలో ఆ చలవ ఉండదు. ఏప్రిల్, మే మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టలేం. వేడి పెరిగేకొద్దీ డెవలపర్ వేగం పెరుగుతుంది, ఉంచే టైము తగ్గించుకోవాలి, బాగా తగ్గిస్తే సమంగా కడగబడక ఆకాశం మీద చారలు పడతాయి. అయిదు నిమిషాల కంటే తక్కువకు దిగొద్దు. నేను చెప్పేదేమిటంటే 20 కోసం ప్రాణం తీసుకోవద్దు, 24 పట్టుకోండి. ఉదాహరణకు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్మ్‌ని ఐడీ-11లో సగానికి సగం నీళ్లు కలిపి కడిగితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పడుతుంది, 24 దగ్గర దాదాపు 9 నిమిషాలు. హాయిగా అందే టైము. ఇలా సగం నీళ్లు కలపడం వేసవిలో మనకు చాలా మేలు, ఎందుకంటే టైము పొడుగవుతుంది, పైగా కలిపే ఆ నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే వేడి అక్కడికక్కడే దిగుతుంది. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ సీసాల్లో పోసి ఒక ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, చుట్టూ నీళ్లు పోసి, ఫ్రిజ్ ఐసు ప్లాస్టిక్ కవర్లలో వేసి తేలించండి. థర్మామీటర్ అటూ ఇటూ మార్చి చూసుకుంటూ అన్నీ ఒకే వేడికి వచ్చాక మొదలుపెట్టండి. చల్లటి డెవలపర్‌లోంచి తీసి ఒక్కసారిగా మేడ మీది ట్యాంకు వేడి నీళ్లలో ముంచితే జెలటిన్ ముడతలు పడి, బొమ్మంతా పగుళ్లు తేలినట్టు అవుతుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో మామయ్య మట్టి కుండ నీళ్లే వాడేవాడు, ఫిక్సర్‌లో పటిక వేసేవాడు. పటిక జెలటిన్‌ను గట్టిపరుస్తుంది, ఆ ఎండల్లో పొర మెత్తబడి గీతలు పడకుండా కాపాడేది అదే.

మిగతా పని చెప్పడానికి పొడుగు గానీ చేయడానికి గంట లోపే. ట్యాంకు అడుగున ఎంత ద్రవం కావాలో రాసి ఉంటుంది, 35 ఎంఎం రీలుకు సాధారణంగా 300 మి.లీ. లోపు. డెవలపర్ పోసి, మూత బిగించి, ట్యాంకుని నెమ్మదిగా తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టాలి, అలా నాలుగుసార్లు, పది సెకన్లు. తర్వాత టేబుల్ మీద ఒక్కసారి టక్కుమని తట్టాలి, బుడగలు ఫిల్మ్‌కు అంటుకుంటే అక్కడ గుండ్రటి మచ్చ పడుతుంది. ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ అంతే. టైము అయ్యాక డెవలపర్ పారబోసి, కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌ను మూడొంతుల నీళ్లతో కలిపి అర నిమిషం తిప్పితే డెవలపర్ పని ఆగిపోతుంది. తర్వాత ఫిక్సర్. తొందరగా పనిచేసే రాపిడ్ ఫిక్సర్ అయితే మూడు నుంచి అయిదు నిమిషాలు, మామూలు హైపో అయితే పది. ఫిక్సర్ బాగుందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక, ఎక్కించేటప్పుడు కత్తిరించిన ఆ నాలుక ముక్కను అందులో వేయండి. పాలలా ఉన్న ముక్క చూస్తుండగానే అద్దంలా తేటపడుతుంది. తేటపడటానికి పట్టిన టైముకు రెట్టింపు ఉంచితే చాలు. కొత్తప్పటికంటే రెండింతలు టైము పడుతోందంటే దాని పని అయిపోయింది, ఇంకోటి కలపండి. ఆ ముక్క తేటపడటం మాత్రం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

కడగడానికి కుళాయి వదిలేసి అరగంట నీళ్లు పారబెట్టాలని పాతవాళ్లు చెబుతారు. వేసవిలో ట్యాంకర్ కోసం క్యూ కట్టే ఊళ్లో అది తప్పు పని, అవసరం కూడా లేదు. ఇల్‌ఫర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి ఒకటుంది. ట్యాంకు నింపి అయిదుసార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవై సార్లు. ఒక రీలుకు లీటరు నీళ్లు కూడా పట్టవు. ఫిక్సర్‌లో పటిక లాంటిది కలవనంత వరకు ఇది సరిపోతుంది. ఆఖరి ముంపు మాత్రం బోరు నీళ్లతో వద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక ఫిల్మ్ మీద తెల్లటి మరకలు గట్టిగా కూర్చుంటాయి, తుడిస్తే గీతలు. ఆర్‌ఓ నీళ్లో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో తీసుకుని, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి ముంచి తీయండి, నీళ్లు మరకల్లేకుండా జారిపోతాయి. ఆరబెట్టడానికి బాత్రూమే మేలు. ఊరంతా ఎక్కడ చూసినా కట్టుబడే, బాల్కనీలో ఆరేస్తే సిమెంటు దుమ్ము అంతా ఫిల్మ్ మీదే ఉంటుంది. ముందు షవర్ కాసేపు వదిలి దుమ్ము అణిగాక, పైన బట్టల క్లిప్పు, కింద బరువుకు ఇంకో క్లిప్పు పెట్టి వేలాడదీసి తలుపు మూసేయండి. ఫ్యాన్ వద్దు. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పుకోండి, రెండు మూడు గంటలు ఆ బాత్రూం ఎవరికీ దొరకదు.

కాఫీతో కూడా కడగొచ్చని విన్న పిల్లలు అడుగుతుంటారు. నిజమే. అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ అనే ఆయన 1995లో విద్యార్థులతో కలిసి చేసి చూపించారు, కాఫెనాల్ అంటారు. లీటరు నీళ్లకు వాషింగ్ సోడా 54 గ్రాములు, విటమిన్ సి పొడి 16 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. వంటసోడా కాదు, బట్టల సోడా. కాఫీ పొడి చికోరీ కలవనిది చూసుకోండి, మన దగ్గర చవక రకాల్లో చికోరీ బాగా ఉంటుంది. వాసన భరించలేం, బొమ్మ మాత్రం వస్తుంది. ఫిక్సర్ ఎలాగూ కావాలి, దానికి వంటింట్లో బదులు లేదు. కలర్ రీలు సంగతి వేరు. సీ-41 అనే కలర్ ఫిల్మ్ పద్ధతిలో డెవలపర్ 38 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, అందులో అర డిగ్రీ తప్పినా రంగులు తేడా కొడతాయి. అదీ ఇంట్లో చేసేవాళ్లున్నారు గానీ మొదట బ్లాక్ అండ్ వైట్‌లో చేయి తిరగాలి.

ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం నెగటివ్, అంటే కడిగాక చేతికొచ్చే ఫిల్మ్. మా చుట్టాలమ్మాయి ఒకామె తన అమ్మమ్మ చివరి ఫోటోలున్న రీలు ఒక లాబుకు పంపింది. మెయిల్లో స్కాన్లు వచ్చాయి, నెగటివ్‌లు రాలేదు. అడిగితే "అవి ఉంచుకోమండీ, నెల దాటితే పారేస్తాం" అన్నారట. ఆ అమ్మాయికి చాలా రోజులదాకా నెగటివ్ అడిగి తీసుకోవాలన్న సంగతే తెలియదు, ఆమె తరం వాళ్లకు ఎవరూ చెప్పలేదు కూడా. స్కాన్ అనేది ఆ రోజు ఆ మెషీన్ తీసిన నకలు మాత్రమే. ఫోన్ పోతే పోతుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే పోతుంది, చిన్న సైజులో చేసి ఉంటే పెద్దది చేయడానికి ఉండదు. నెగటివ్‌లో ఉన్నది వెండి, సరిగ్గా ఫిక్స్ చేసి సరిగ్గా కడిగితే మన తర్వాత వాళ్లు కూడా ప్రింటు వేసుకోవచ్చు. ఇది మన ఊరికి తెలియని విషయం కాదు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880లలోనే సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఫ్రిజ్జులూ ఏసీలూ లేని కాలంలో, ఇదే ఎండలో, గాజు పలకల మీద తీసి కడిగించిన నెగటివ్‌లు అవి. ఆయన 1905లో పోయాడు. ఆ పలకల్లో 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని దాచింది కాబట్టి ఈరోజు అప్పటి హైదరాబాద్ ఎలా ఉండేదో మనం చూడగలుగుతున్నాం. మన పిల్లలు తీసే మెట్రో స్తంభాలు, మొజంజాహీ మార్కెట్, ఇరానీ హోటళ్లు, ఇంట్లో నానమ్మలు, ఇవి కూడా అలాగే మిగలాలని నా కోరిక. కాబట్టి లాబుకు ఇచ్చినా సరే, ఇచ్చేటప్పుడే నెగటివ్ తిరిగి కావాలని రాయించి ఇవ్వండి. ఇంట్లో కడిగితే ఆ గొడవే లేదు, ఆరు ఆరు ఫ్రేములుగా కత్తిరించి నెగటివ్‌ల కోసమే చేసిన కవర్లలో పెట్టి, వానాకాలం బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లం వేసి గాలి చొరబడని డబ్బాలో ఉంచండి. ఫోన్లో చూసుకోవడానికి కింద తెల్లటి ఎల్‌ఈడీ ప్యానెల్ పెట్టి ఫోన్‌తోనే తీసి రంగులు తిరగేస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం అందరూ గట్టిగా ఉండాలి. వాడేసిన ఫిక్సర్‌ని సింకులో పారబోయొద్దు. ఫిల్మ్‌లోంచి కరిగిన వెండి అంతా అందులోనే ఉంటుంది, నీళ్లలోని చిన్న జీవులకు అది మంచిది కాదు. మన డ్రైనేజీ నీళ్లలో శుద్ధి కాకుండా మూసీలోకి పోయేవి ఎన్నో, దానికి ఇదొకటి కలపడం ఎందుకు? పాత స్టూడియోల వాళ్లు వాడిన హైపోను వెండి తీసేవాళ్లకు అమ్మేవాళ్లు, ఎక్స్‌రే ఫిల్మ్ కడిగే ఆస్పత్రుల నుంచి కూడా అలాగే కొనేవాళ్లు. ఒకటి రెండు రీళ్లు కడుక్కునే ఇంటికి ఎవరూ రారు కాబట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పోసి అందులో స్టీల్ ఊల్ వేసి కొన్ని రోజులు వదిలేయండి. ఇనుము కరిగి, దాని బదులు వెండి నల్లటి మడ్డిలా అడుగున పేరుకుంటుంది. ఇది కూడా సిలబస్‌లోదే. అయితే ఇంటింటా ఇలా చేసుకోవడం కంటే, జీహెచ్‌ఎంసీ వాళ్లు పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు లాంటివాటితో పాటు దీన్ని కూడా తీసుకునే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. మీ పత్రిక ఒకసారి అడిగితే వాళ్లు వింటారు, మా లాంటి వాళ్లం అడిగితే సంగతి అర్థం కావడానికే టైము పడుతుంది.

ఇంకో మనవి కాలేజీల వాళ్లకు. పాత డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లలో ఆప్టిక్స్ ప్రయోగాల కోసం ఒక చీకటి గది ఉంటుంది, చాలాచోట్ల ఇప్పుడు విరిగిన బల్లలు వేసే స్టోర్ రూమ్ అయిపోయింది. దాంట్లో ఒక కుళాయి, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఒక పాత ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద వేసే పరికరం) పెడితే ఇంట్లో రీలు కడిగిన పిల్లలు అక్కడికొచ్చి ప్రింటు వేసుకుంటారు. రీలుకు డార్క్ రూం అక్కర్లేదు గానీ ప్రింటుకు కావాలి, అది ఇంటింటా పెట్టుకునేది కాదు. మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫోటోగ్రఫీ చదివే పిల్లలున్నారు, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఏటా ఇండియన్ ఫోటో ఫెస్టివల్ పేరుతో ప్రదర్శనలు పెడుతున్నారు, ఆసక్తి ఉన్నవాళ్లకు మన ఊళ్లో లోటు లేదు. వారానికి ఒక్క సాయంత్రం తెరిచినా చాలు, నేర్పడానికి నేను ఊరికే వస్తాను.

చివరగా, మీ పాఠకుల్లో ఒకప్పుడు స్టూడియోలు నడిపినవాళ్లు, వాళ్ల పిల్లలు చాలామంది ఉంటారు. అటక మీద డెవలపింగ్ ట్యాంకులు, థర్మామీటర్లు, ట్రేలు, ఎన్‌లార్జర్లు ఉంటే పాత ఇనుము కొనేవాళ్లకు వేయకండి. కొత్త ట్యాంకు, చక్రం కొనాలంటే కాలేజీ పిల్లలకు భారమే, పాతది కడిగి తుడిస్తే కొత్తదానిలాగే పనిచేస్తుంది. మీ అనుబంధంలో ఓ మూల చిన్న జాగా ఇచ్చి, ఇస్తామనేవాళ్లనూ కావాలనేవాళ్లనూ కలపండి. నా దగ్గర ట్యాంకు ఒకటి అదనంగా ఉంది, రెండు రీళ్లు పట్టేది, మూత రబ్బరు కూడా బాగుంది. మొదటి పేరు నాదే రాసుకోండి.

ఇట్లు,
రిటైరైన ఒక కెమిస్ట్రీ లెక్చరర్,
నల్లకుంట, హైదరాబాద్